ఇంట్లో సొంత మెయిల్ సర్వర్: ఏ పద్ధతి ఎవరికి కుదురుతుంది?

ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటర్ మీద సొంత మెయిల్ సర్వర్ పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి?" అని. నన్నడిగితే అది ఆఖరున తేల్చుకోవాల్సిన విషయం. మెయిల్ పంపి, తీసుకునే పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రామ్ వేసినా, అలాంటిదే అయిన ఎగ్జిమ్ వేసినా, అన్నీ కలిపి ఇచ్చే ప్యాకేజీ వేసినా, మీ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ దేనికి ఒప్పుకుంటుందో దాన్నిబట్టే సగం నిర్ణయం అయిపోతుంది.

మెయిల్ సర్వర్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అది చేసే పనులు మూడు. బయటి నుంచి వచ్చే మెయిల్ తీసుకోవడం ఒకటి. దాన్ని భద్రంగా దాచి, ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో చదువుకోనివ్వడం రెండోది. మనం రాసినదాన్ని అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌దాకా చేర్చడం మూడోది. మొదటి రెండూ ఇంట్లో హాయిగా నడుస్తాయి. చిక్కంతా మూడోదానితోనే. ఈ మూడూ ఒకే మెషీన్‌లో, ఒకే చోట జరగాలని ఎక్కడా లేదు. వేటికవి విడదీసి, ఏది ఇంట్లో ఉంచుకోవాలి, ఏది బయటివాళ్లకు అప్పగించాలి అని ఆలోచిస్తే ఎంపిక చాలా తేలికవుతుంది.

ముందు కనెక్షన్ సంగతి

సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకునే ముందు రెండు విషయాలు చూసుకోండి. పది నిమిషాల పని.

మొదటిది, మీకు అసలు పబ్లిక్ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో బయటివాళ్లు మీ ఇంటిని చేరుకోగల నంబరు, ఉందా అనేది. రూటర్ సెట్టింగ్స్‌లో వ్యాన్ అడ్రస్ అని కనిపించే నంబరునూ, "నా ఐపీ ఎంత" అని చూపించే ఏదైనా వెబ్‌సైట్ చెప్పే నంబరునూ పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితే మంచిది. వేరుగా ఉంటే, ముఖ్యంగా రూటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ను సర్వీస్ ప్రొవైడర్ ఎన్నో ఇళ్లకు పంచుతున్నాడన్నమాట. అప్పుడు రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్‌ను ఇంట్లోని మెషీన్‌కు మళ్లించడం) ఎంత చక్కగా పెట్టినా, బయటి సర్వర్లు మీ ఇంటి గుమ్మందాకా రాలేవు.

రెండోది పోర్ట్ 25. పోర్ట్ అంటే కంప్యూటర్‌లో ఒక్కో రకం పనికి ఉండే, నంబరు వేసిన తలుపు లాంటిది. సర్వర్లు ఒకదానితో ఒకటి మెయిల్ ఇచ్చిపుచ్చుకునేది ఈ పోర్ట్ మీదే. ఇంట్లో కంప్యూటర్ నుంచి టెల్‌నెట్ అనే చిన్న కమాండ్‌తో ఏదైనా పెద్ద మెయిల్ సర్వర్ పోర్ట్ 25కి కనెక్ట్ అయి చూడండి. రెండు మూడు సెకన్లలో 220 అనే నంబరుతో ఒక పలకరింపు వస్తే దారి తెరిచే ఉంది. కర్సర్ అలాగే మినుకుమంటూ, చివరికి టైమవుట్ అంటే మీ ప్రొవైడర్ ఆ పోర్ట్‌ను మూసేశాడు. ఇంటి కనెక్షన్లలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్ల నుంచి స్పామ్ వెల్లువెత్తకుండా పెట్టిన అడ్డు అది. పోర్ట్ 587, 465 సాధారణంగా తెరిచే ఉంటాయి, కానీ అవి లాగిన్ చేసి మన మెయిల్‌ను మన సర్వర్‌కు అప్పగించడానికే. కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే: 587 పనిచేస్తోంది కదా అని నేరుగా ఇతరుల సర్వర్లకు దాని మీద మెయిల్ పంపలేం.

పంపడం ఎందుకు ఇంత కష్టం

మెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు వెళ్లే పద్ధతి పేరు ఎస్‌ఎంటీపీ. దాన్ని జాన్ పోస్టెల్ 1982లో రాసినప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఎవరి పేరుతో ఎవరైనా మెయిల్ పంపొచ్చు, అడిగేవాడు లేడు. ఆ తర్వాత వచ్చిన జాగ్రత్తలన్నీ పైనుంచి అతికించినవే. ఈ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) తరఫున ఏ ఐపీ అడ్రస్‌ల నుంచి మెయిల్ రావచ్చో చెప్పేది ఎస్‌పీఎఫ్. మెయిల్ మీద డిజిటల్ సంతకం పెట్టేది డీకిమ్. ఆ రెండూ తప్పితే ఏం చేయాలో అవతలివాళ్లకు చెప్పేది డీమార్క్. ఈ మూడూ మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో, అంటే పేర్లను ఐపీ అడ్రస్‌లతో కలిపే పట్టికలో, మీరు రాసుకునేవే కాబట్టి, కాస్త ఓపిక ఉంటే ఎవరైనా పెట్టుకోవచ్చు.

మీ చేతిలో లేనివి వేరే రెండున్నాయి. ఒకటి పీటీఆర్ రికార్డు, అంటే ఐపీ అడ్రస్‌ను బట్టి పేరు చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్. దాన్ని మార్చే హక్కు ఆ అడ్రస్ ఎవరిదో వాళ్లదే, అంటే మీ ప్రొవైడర్‌ది. డొమైన్ మీదైనంత మాత్రాన కుదరదు. రెండోది అడ్రస్‌కున్న పేరుప్రతిష్ఠలు. స్పామ్‌హౌస్ సంస్థ నడిపే పీబీఎల్ అనే జాబితాలో ఇళ్లకు ఇచ్చే అడ్రస్‌లు గుంపులు గుంపులుగా ఉంటాయి. మీరు ఒక్క స్పామ్ కూడా పంపి ఉండకపోవచ్చు. ఆ అడ్రస్ ఇంటిది అన్న ఒక్క కారణంతోనే చాలా సర్వర్లు తలుపు వేసేస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు ఇంకా బిగిశాయి: ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ తప్పనిసరి, సరైన పీటీఆర్ ఉండాలి. రోజుకు 5000 మెయిల్స్ పంపే పెద్దవాళ్లకైతే డీమార్క్ కూడా కావాలి.

ఈ సంగతులు తెలిశాక దారులు ఐదు కనిపిస్తాయి. అన్నీ సమానం కావు.

ఇంటి గడప దాటని సర్వర్

స్టోరేజ్ పెట్టెలో డిస్క్ పాడైతేనో, రాత్రి నడిచే బ్యాకప్ ఆగిపోతేనో కబురు రావాలి, స్కానర్ తీసిన కాగితాలు నేరుగా మెయిల్‌కి రావాలి, అంతే చాలు అనుకుంటే పూర్తి సర్వర్ అక్కర్లేదు. ఒక పోస్ట్‌ఫిక్స్, మెయిల్ దాచి చదువుకోనిచ్చే ఒక డవ్‌కాట్ ఇంటి నెట్‌వర్క్‌లోనే నడుస్తాయి. డొమైన్ కొనక్కర్లేదు, రూటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. ఆ కబుర్లు బయటున్నప్పుడు ఫోన్‌కి రావాలంటే ఎంఎస్ఎంటీపీ లాంటి చిన్న ప్రోగ్రామ్ మీ మామూలు మెయిల్ ఖాతాతో లాగిన్ అయి పంపేస్తుంది. మెయిల్ ఎలా నడుస్తుందో నేర్చుకోవాలన్న కుతూహలమే మీ కారణమైతే ఇక్కడి నుంచే మొదలెట్టండి. ఇక్కడ ఏం తప్పు జరిగినా నష్టం మీ ఇంటి నాలుగు గోడల మధ్యే ఉంటుంది.

బయటి ఇన్‌బాక్స్‌ను ఇంటికి తెచ్చుకోవడం

సీజీనాట్ వెనక ఉన్నవాళ్లకు నేను నిస్సంకోచంగా చెప్పే దారి ఇది. మెయిల్ తీసుకోవడం, పంపడం రెండూ ఏదో ఒక మెయిల్ సంస్థ చూసుకుంటుంది. ఇంట్లో ఎంబీసింక్, గెట్‌మెయిల్ లాంటి ప్రోగ్రామ్ కొన్ని నిమిషాలకొకసారి వెళ్లి కొత్త మెయిల్ దించుకుని వస్తుంది. డవ్‌కాట్ దాన్ని ఇంట్లో అందరికీ ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిల్‌ను యాప్‌లు చదివే పద్ధతి) ద్వారా చూపిస్తుంది. కనెక్షన్ ఎప్పుడూ ఇంటి నుంచి బయటికే వెళ్తుంది కాబట్టి పబ్లిక్ ఐపీతో పనే లేదు.

దీన్ని సొంత సర్వర్ అనొచ్చా అని కొందరు పెదవి విరుస్తారు. నా ఉద్దేశంలో తప్పకుండా అనొచ్చు. ఏళ్ల తరబడి పోగైన ఉత్తరాలు మీ డిస్క్ మీద ఉంటాయి. బయటి ఖాతా ఒక్కసారిగా మూసేసినా పాతవి ఎక్కడికీ పోవు. సొంత డొమైన్‌ను ఆ సంస్థకు కలిపి ఉంటే, రేపు ఆ సంస్థ నచ్చకపోతే ఎంఎక్స్ రికార్డు (ఆ డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) మార్చి ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోవచ్చు, మెయిల్ అడ్రస్ అదే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ఎంబీసింక్ రెండు వైపులా సరిచూస్తుంది. బయట పోయిన మెయిల్ ఇంట్లోనూ చెరిగిపోకుండా, దించుకోవడం వరకే చేసేలా సెట్టింగ్ పెట్టుకోండి.

మెయిల్ ఇంటికే, పంపడం మాత్రం రిలే ద్వారా

పబ్లిక్ ఐపీ ఉండి, బయటి నుంచి లోపలికి పోర్ట్ 25 తెరిచి ఉంటే, ఎక్కువమందికి నేను సూచించేది ఇదే. డొమైన్ ఎంఎక్స్ రికార్డు మీ ఇంటిని చూపిస్తుంది, వచ్చే ప్రతి ఉత్తరం మధ్యలో ఎవరి దగ్గరా ఆగకుండా నేరుగా మీ డిస్క్ మీదికి వస్తుంది. పంపేటప్పుడు మాత్రం పోస్ట్‌ఫిక్స్ పోర్ట్ 587 మీద ఒక రిలే సంస్థకు, అంటే మన తరఫున మెయిల్ పంపిపెట్టే సంస్థకు, అప్పగిస్తుంది. అక్కడి నుంచి మంచి పేరున్న అడ్రస్ ద్వారా గమ్యానికి పోతుంది. పోస్ట్‌ఫిక్స్‌లో దీనికి మార్చాల్సింది రిలేహోస్ట్ అనే ఒక వరుస, లాగిన్ వివరాలకు మరో మూడు నాలుగు వరుసలు. రిలే సంస్థ పేరును చతురస్ర బ్రాకెట్లలో పెట్టడం మరవకండి. అవి లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకున్న ఎంఎక్స్ ఏమిటా అని వెతుక్కుంటూ వేరే సర్వర్‌కు పోతుంది.

ఐపీ అడ్రస్ మారుతూ ఉంటుందే అన్న సందేహం రావచ్చు. వచ్చే మెయిల్‌కి అది పెద్ద అడ్డంకి కాదు. డైనమిక్ డీఎన్‌ఎస్ (అడ్రస్ మారినప్పుడల్లా రికార్డును తనే మార్చేది) పెట్టి, రికార్డు టీటీఎల్‌ను, అంటే ఇతరులు దాన్ని గుర్తుంచుకునే గడువును, 300 సెకన్ల దగ్గర ఉంచితే చాలు. ఎంఎక్స్ చూపించే పేరుకు నేరుగా ఐపీ అడ్రస్ చెప్పే "A" రికార్డు ఉండాలి, ఇంకో పేరును చూపించే సీనేమ్ కాకూడదు.

కరెంటు పోతే ఎలా అని కూడా చాలామంది భయపడతారు. ఎస్‌ఎంటీపీ ఈ విషయంలో ఎంతో ఓపికైన పద్ధతి. అవతలి సర్వర్ దొరక్కపోతే పంపేవాడు మెయిల్‌ను క్యూలో ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి, కనీసం నాలుగైదు రోజులదాకా ఆశ వదులుకోకూడదని 2008 నాటి ఎస్‌ఎంటీపీ ప్రమాణం చెబుతోంది. పోస్ట్‌ఫిక్స్ తనంతట తాను ఐదు రోజులు చూస్తుంది. కాబట్టి ఒక పూట కరెంటు లేకపోయినా, రెండు రోజులు లైన్ తెగినా ఉత్తరాలు ఆలస్యమవుతాయి తప్ప పోవు. వెబ్‌సైట్‌కి లేని ఈ వెసులుబాటు వల్లే మెయిల్ ఇంట్లో పెట్టుకోవడానికి అనువైనదని నా గట్టి నమ్మకం. లాగిన్ కోసం ఒక్కసారికే పనికొచ్చే కోడ్‌లు మాత్రం ఆలోపు గడువు దాటిపోతాయి. అది గుర్తుంచుకోవాల్సిందే.

ఈ దారిలో ఇబ్బందులూ ఉన్నాయి. మీరు పంపే ప్రతి ఉత్తరం రిలే సంస్థ చేతుల మీదుగా పోతుంది, కావాలంటే వాళ్లు చదవగలరు. రోజుకు ఇన్నే అని పరిమితి ఉంటుంది, ఇంటి అవసరాలకు అది సాధారణంగా సరిపోతుంది. ఆ సంస్థను మీ ఎస్‌పీఎఫ్ రికార్డులో చేర్చాలి. ఎస్‌పీఎఫ్‌లో డీఎన్‌ఎస్ వెతుకులాటలు పది దాటకూడదన్న నియమం ఉంది, కనిపించిన ప్రతి సేవనూ అందులో చేర్చుకుంటూ పోతే రికార్డు మొత్తం చెల్లకుండా పోతుంది.

ముందు వీపీఎస్, వెనక ఇల్లు

పంపడం కూడా మన చేతిలోనే ఉండాలి, కానీ ఇంటి ఐపీ అడ్రస్‌ను ఎవరూ నమ్మడం లేదు. అప్పుడు డేటా సెంటర్‌లో ఒక చిన్న వీపీఎస్ (వర్చువల్ సర్వర్) అద్దెకు తీసుకుని, దానికీ ఇంటికీ మధ్య వైర్‌గార్డ్ అనే ప్రోగ్రామ్‌తో రహస్య సొరంగం (టన్నెల్) వేస్తారు. టన్నెల్‌ను ఇంటివైపు నుంచి మొదలుపెడతాం కాబట్టి సీజీనాట్ అడ్డం రాదు. మెయిల్స్ ఇంట్లోనే నిలవ ఉంటాయి, లోకానికి కనిపించే ముఖం మాత్రం వీపీఎస్‌ది.

సాంకేతికంగా నాకు ఎంతో నచ్చిన అమరిక ఇది, కానీ తప్పులు జరిగేదీ ఇక్కడే ఎక్కువ. చాలామంది వీపీఎస్ మీద ఐపీటేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్ నియమాలు)తో పోర్ట్ 25ను నేరుగా ఇంటికి మళ్లించి, టన్నెల్ పనిచేయడం కోసం వచ్చినవాళ్ల అడ్రస్‌ను తన అడ్రస్‌తో మార్చేసే మాస్కరేడ్ అనే వరుస కూడా పెడతారు. దాంతో ప్రపంచంలో ఎక్కడి నుంచి వచ్చిన కనెక్షన్ అయినా ఇంటి సర్వర్‌కు వీపీఎస్ లోపలి అడ్రస్ నుంచి, ఏ 10.0.0.1 నుంచో వచ్చినట్టు కనిపిస్తుంది. ఎస్‌పీఎఫ్ తనిఖీ అర్థం లేనిదైపోతుంది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, ఆ అడ్రస్ పోస్ట్‌ఫిక్స్ లాగిన్ లేకుండానే నమ్మే మైనెట్‌వర్క్స్ జాబితాలో ఉంటే ఎవరైనా మీ సర్వర్ ద్వారా ఎవరికైనా మెయిల్ పంపేయొచ్చు. అదే ఓపెన్ రిలే. స్పామర్లు అలాంటిదాన్ని ఎంతో త్వరగా పసిగడతారు, ఆపై మీ వీపీఎస్ అడ్రస్ బ్లాక్‌లిస్టుల్లోకి వెళ్లిపోతుంది. డాకర్ (ప్రోగ్రామ్‌లను విడి పెట్టెల్లా నడిపే సాఫ్ట్‌వేర్)లో సర్వర్ నడిపేటప్పుడు కూడా కొన్ని అమరికల్లో ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది, ప్రతి కనెక్షనూ డాకర్ గేట్‌వే నుంచి వచ్చినట్టు కనిపించి.

అందుకే పోర్ట్ మళ్లించే బదులు వీపీఎస్ మీద కూడా ఒక చిన్న పోస్ట్‌ఫిక్స్ పెట్టమంటాను. అసలు అడ్రస్‌ను అదే చూస్తుంది, తనిఖీలు అక్కడే అవుతాయి, ఇంటి లైన్ తెగినప్పుడు మెయిల్ దాని క్యూలోనే ఆగుతుంది. ఇంట్లో ఉన్న ఖాతాల జాబితా మాత్రం దానికి తెలియాలి. లేకపోతే లేని అడ్రస్‌లకు వచ్చే చెత్తనంతా ముందు తీసుకుని, తర్వాత ఇల్లు కాదన్నప్పుడు సంబంధం లేనివాళ్లకు తిరుగు మెయిల్స్ పంపడం మొదలెడుతుంది.

వీపీఎస్ తీసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి: పోర్ట్ 25 తెరుస్తారా, పీటీఆర్ మార్చుకోనిస్తారా. కొత్త ఖాతాలకు 25 మూసి ఉంచి, అడిగితే తెరిచే సంస్థలు చాలానే ఉన్నాయి. అడ్రస్ చేతికి రాగానే అది బ్లాక్‌లిస్టుల్లో ఉందేమో చూసుకోండి. అంతకుముందు దాన్ని వాడినవాళ్ల పాపం మీకు అంటుకుని ఉండొచ్చు.

అంతా ఇంట్లోనే

స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని అడ్రస్), రెండు వైపులా తెరిచి ఉన్న పోర్ట్ 25, అడిగితే పీటీఆర్ మార్చే ప్రొవైడర్. బిజినెస్ కనెక్షన్లకు ఈ మూడూ దొరకొచ్చు. దొరికితే ఎవరి దయ మీదా ఆధారపడక్కర్లేదు, అది నిజంగా గొప్ప స్వేచ్ఛ. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా ఈ దారి పట్టొద్దు. మెయిల్ చేరిందని మీరు అనుకుంటారు, అవతలివాళ్లకు స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది, ఆ సంగతి చెప్పేవాళ్లే ఉండరు. ఇంట్లో ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రస్) కూడా ఉండి దానికి పీటీఆర్ లేకపోతే, పోస్ట్‌ఫిక్స్‌ను పాత తరహా ఐపీవీ4కే పరిమితం చేయండి. పీటీఆర్ లేని ఐపీవీ6 అడ్రస్‌ల విషయంలో జీమెయిల్ చాలా కఠినంగా ఉంటుంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్

పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, స్పామ్ వడపోతకు ఆర్‌స్పామ్‌డీ. ఈ మూడింటినీ చేత్తో అమర్చుకోవడమే నాకిష్టం. రెండు మూడు రోజులు కూర్చోవాలి, కానీ ఏదైనా చెడినప్పుడు లాగ్‌లో ఏ వరుస ఎవరు రాశారో మీకు తెలుస్తుంది. మీ ఉత్తరం వెళ్లకపోతే లాగ్‌లో "డిఫర్డ్", పక్కనే "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అని ఉంటే పోర్ట్ 25 మూసుకుపోయిందని, 550తో మొదలయ్యే జవాబుంటే అవతలివాళ్లు చూసి మరీ వద్దన్నారని ఇట్టే అర్థమవుతుంది. రిలే పద్ధతికి, ఇన్‌బాక్స్ దించుకునే పద్ధతికి ఇవి చాలా తేలిగ్గా, పాత చిన్న మెషీన్ మీద కూడా నడుస్తాయి.

అంత తీరిక లేనివాళ్లకు మెయిల్‌కౌ బాగుంటుంది. వెబ్‌మెయిల్, అడ్మిన్ పేజీ, డీకిమ్ అన్నీ డాకర్‌లో సిద్ధంగా వస్తాయి. కానీ కనీసం 6 జీబీ ర్యామ్ కావాలని వాళ్లే చెబుతారు. అందులో క్లామ్‌ఏవీ అనే వైరస్ స్కానర్ ఒక్కటే ఒక జీబీకి పైగా మింగేస్తుంది. ఇంటివాళ్లే వాడే సర్వర్‌కు దాన్ని ఆపేసినా ఫర్వాలేదని నా అభిప్రాయం. డాకర్-మెయిల్‌సర్వర్‌లో వెబ్ పేజీ ఉండదు, అన్నీ ఫైళ్లలో రాసుకోవాలి, బరువూ తక్కువే. రెండింటికీ మధ్యలో ఉండేది మెయిలూ. మెయిల్-ఇన్-ఎ-బాక్స్ మంచిదే గానీ ఇంటికి తగినది కాదు. అది డేటా సెంటర్‌లో ఖాళీగా ఉన్న ఉబుంటు మెషీన్‌ను మొత్తంగా తన చేతిలోకి తీసుకునేలా తయారైంది. ఈమధ్య వచ్చినవాటిలో స్టాల్‌వార్ట్, మ్యాడీ అన్ని పనులనూ ఒకే ప్రోగ్రామ్‌లో చేస్తాయి. ప్రయోగానికి ఆకర్షణీయంగా ఉంటాయి, కానీ చిక్కు వచ్చినప్పుడు దశాబ్దాలుగా జనం వాడుతున్న పోస్ట్‌ఫిక్స్‌కు దొరికినన్ని జవాబులు వీటికి ఇంకా దొరకవు.

మెషీన్ ఏదైనా ఫర్వాలేదు గానీ, మెయిల్స్‌ను మెమరీ కార్డు మీద ఉంచకండి. మెయిల్‌డిర్ పద్ధతిలో ప్రతి ఉత్తరం ఒక విడి ఫైలు. ఆ చిన్న చిన్న రాతలకు కార్డు త్వరగా అరిగిపోతుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టండి. కనెక్షన్‌ను గుప్తంగా ఉంచడానికి కావాల్సిన సర్టిఫికెట్‌కు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ఉచిత సేవ చాలు. డీఎన్‌ఎస్ పద్ధతిలో తీసుకుంటే పోర్ట్ 80 తెరిచే పని కూడా ఉండదు. సర్టిఫికెట్ కొత్తది రాగానే డవ్‌కాట్ రీలోడ్ అయ్యేలా ఏర్పాటు చేసుకోవాలి. లేకపోతే అది పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది, గడువు తీరిన రోజు ఇంట్లో అందరి ఫోన్లూ ఒకేసారి మొరాయిస్తాయి.

ఏ దారిలోనైనా తప్పనివి

సర్వర్ లేవగానే బయటి నెట్‌వర్క్ నుంచి, అంటే ఫోన్ డేటా మీద నుంచో స్నేహితుల ఇంటి నుంచో, లాగిన్ లేకుండా మీ సర్వర్ ద్వారా మూడో డొమైన్‌కు మెయిల్ పంపడానికి ప్రయత్నించండి. "రిలే యాక్సెస్ డినైడ్" అని రావాలి. అది కళ్లతో చూసేదాకా సర్వర్‌ను వాడకంలోకి తేవద్దు. ఇంట్లోంచి పరీక్షిస్తే ప్రయోజనం లేదు, ఇంటి అడ్రస్‌లను సర్వర్ ఎలాగూ నమ్ముతుంది.

బ్యాకప్ రెండో చోట ఉండాలి, దాన్నుంచి ఒక్కసారైనా తిరిగి తీసి చూడాలి.

బ్యాంకు, ప్రభుత్వ సేవల ఖాతాలను కొత్త అడ్రస్‌కు వెంటనే మార్చకండి. ముందు స్నేహితుల ఉత్తరాలు, వార్తాలేఖలు దాని మీదికి తెచ్చుకుని, కొన్ని నెలలు సాఫీగా నడిచాక ఒక్కొక్కటే మార్చండి. డొమైన్ రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే సంస్థ) దగ్గరున్న ఖాతాకు మాత్రం మీ సొంత డొమైన్ మీది అడ్రస్ ఎప్పటికీ ఇవ్వొద్దు, బయటి అడ్రస్ ఇవ్వండి. సర్వర్ పడిపోయిన రోజే డొమైన్ గడువు దగ్గరపడితే, ఆ హెచ్చరిక పడిపోయిన సర్వర్‌కే వెళ్తుంది. గడువు దాటిన డొమైన్‌ను ఇంకొకరు కొనుక్కుంటే మీ పాస్‌వర్డ్ మార్చే మెయిల్స్ అన్నీ వాళ్లకే చేరతాయి. ఆటో రెన్యువల్ పెట్టి, వీలైతే కొన్నేళ్లకు ఒకేసారి కట్టేయండి.